అక్క పోసిన నీళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. వడ్రంగులు రుద్దే ఉప్పు కాగితం చేతపట్టి కూర్చుంటే మాత్రం నా అంత ఓపిక గల మనిషి తిరువొత్తియూరు మొత్తం మీద లేదు. ఈ మాట నేనే చెప్పుకుంటాను, ఎందుకంటే ఇంకెవరూ చెప్పరు. రెసిన్ దిమ్మల్ని రుద్ది రుద్ది అద్దంలా మెరిసేట్టు చేయడం నా పని. అంతకుముందు పక్కనున్న మనలి పేటలో ఒక ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు ప్యాకింగు చేశాను. అది మూతపడ్డాక, చేసింది చాల్లే ఇంక ఇంట్లో కూర్చో అని ప్రతివాళ్లూ సలహా ఇచ్చారు. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది.

ఈ పని మా ఆయన వల్ల దొరికింది. ఆయన షోళింగనల్లూరు వైపు ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. ఆ బండిలో రోజూ వెళ్లే గుంటూరు అమ్మాయి ఒకతె, కంప్యూటర్ ఉద్యోగం, శని ఆదివారాలు తన ఫ్లాట్‌లో రెసిన్ పోస్తుంది. పెళ్లి దండల్లోని పూలు, పుట్టినరోజు కార్డులు, ఎవరికేది అపురూపమైతే అది అచ్చులో పెట్టి, పైన ఆ జిగురు పోస్తుంది. మూడు రోజుల్లో అది గాజులా గట్టిపడుతుంది. పోయడమంటే ఆమెకు ప్రాణం, రుద్దడమంటే ఏడుపు. గోళ్లు పాడవుతాయట. "మా ఇంట్లో ఒకామె ఉంది, పని లేకపోతే నన్ను రుద్దుతుంది, ఆమెకివ్వండి" అన్నాడట మా ఆయన. ఆయన అన్న మాట ఆ అమ్మాయే నాకు నవ్వుతూ చెప్పింది. ఇంటికొచ్చాక ఆయనకు చెప్పాల్సింది నేను చెప్పాను.

అచ్చులోంచి తీసిన దిమ్మ మసకగా ఉంటుంది. నాలుగు వందల నంబరు కాగితంతో మొదలుపెట్టాలి. తర్వాత ఆరు వందలు, ఎనిమిది వందలు, వెయ్యి, పదిహేను వందలు, రెండు వేలు, చివరికి మూడు వేలు. నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. ఒక కాగితంతో అడ్డంగా రుద్దితే తర్వాతి దానితో నిలువుగా రుద్దుతాను, ముందుది వదిలిన గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. బద్ధకించి ఒక్క నంబరు దాటేస్తే, ఆఖర్న మెరుపు వచ్చేటప్పుడు ఆ బద్ధకం అంతా బయటపడి వెక్కిరిస్తుంది. కాగితాన్ని నీళ్లలో ముంచుతూనే రుద్దాలి. పొడిగా రుద్దితే రెసిన్ వేడెక్కి సాగుతుంది, ఆ దుమ్ము గుండెల్లోకి పోతుంది. ఏడు కాగితాలూ అయ్యాక పాత బనియన్ గుడ్డకు పాలిష్ ముద్ద రాసి గుండ్రంగా తిప్పుతూ పోతే, ఒక చోట మసక విడిపోయి లోపలున్నది కళ్లబడుతుంది. ఆ ఒక్క క్షణం కోసం నేను నడుం నొప్పినీ, నానిపోయి ముడతలు పడ్డ వేళ్లనీ భరిస్తాను.

ఇక మా అక్క సంగతి. నాకంటే అయిదేళ్లు పెద్దది. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది, ఒక బడిలో ఆయాగా పనిచేస్తుంది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. మా పిన్నమ్మతో ఒక చీర గొడవకు పదకొండేళ్లు మాట్లాడలేదంటే చూసుకోండి.

మట్టల ఆదివారం నాడు మా చర్చిలో అందరికీ కొబ్బరి లేతాకులు పంచుతారు. వాటిని మడిచి చిన్న సిలువలు చేసుకుని, ఇంట్లో ప్రభువు పటం వెనక దోపుకుంటాం. మరుసటి ఏడు విభూది బుధవారానికి ముందు ఆ ఎండిపోయిన సిలువల్ని తిరిగి చర్చికి ఇచ్చేయాలి. వాటిని కాల్చిన బూడిదే మా నొసటికి పెడతారు. మూడేళ్ల కిందట మా అమ్మ ఆస్పత్రి మంచం మీద ఉండగా మట్టల ఆదివారం వచ్చింది. పక్కింటామె తెచ్చిన ఆకు పట్టుకుని అమ్మ వణికే వేళ్లతో ఒక్క సిలువ మడిచింది. దాన్ని అక్క చేతిలో పెట్టింది. నాకొకటి మడిచే ఓపిక ఆమెకు మిగలలేదు. ఆ నెలలోనే పోయింది.

అక్క ఆ సిలువను చర్చికి ఇవ్వలేదు. పెద్దలు అడిగితే, "మా అమ్మ ఆఖర్న చేసింది ఇదేనయ్యా, కాల్చేదానికి ఇయ్యను" అని తెగేసి చెప్పింది. ఆకు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పొట్టు రాలసాగింది. పోయినేడు దాని కింది కొసకు పురుగు పట్టింది. అప్పుడు నేను అడిగాను, రెసిన్లో పోయిద్దాం, నేను మెరుగు పెట్టి ఇస్తాను, ఇంక ఏ పురుగూ ముట్టదు అని.

అక్క నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వా? కుట్టు మిషను నేర్చుకుంటానని పొయ్యి నడిమిట్లో వదిలేసినావు. నర్సమ్మ పనికి పొయ్యి ఆర్నెల్లకే వచ్చేసినావు. నువ్వు పట్టిన పని ఏది ముగించినావే?"

అన్నీ నిజాలే.

మర్నాడు తనే వచ్చి, బడిలో పిల్లలు వాడే జామెట్రీ బాక్సులో దూది పరిచి తెచ్చిన సిలువను నా చేతికిచ్చింది. "ఇస్తాండా. పాడు చేసినావంటే మాత్రం నా గడప తొక్కబాకు." పిన్నమ్మ పదకొండేళ్లు నాకు గుర్తుకొచ్చాయి. ఇది ఉత్త బెదిరింపు కాదు.

గుంటూరు అమ్మాయి జాగ్రత్తగానే పోసింది. కానీ ఎండుటాకు తేలిక కదా, జిగురు గట్టిపడేలోగా పై కొస కాస్త లేచింది. ఫోన్ చేసి చెప్పింది. "ఆంటీ, ఆకు కొస పై ముఖానికి బియ్యపు గింజ మందం కిందే ఉంది. ఎక్కువ తీయకండి. కాగితం ఆకును తాకిందంటే కొస తెగిపోతుంది." ఇంకో పొర పోయించుకుందామన్నా వీల్లేదు. ఆమెకు ఏడో నెల, డాక్టరమ్మ ఆ వాసన ఇంక వద్దందట, ఆ వారమే పుట్టింటికి ప్రయాణం. నాకోసం పోసిన ఈ దిమ్మే ఆఖరుది. అంటే, ఆ బియ్యపు గింజ మందంలోనే నేను నా పని ముగించాలి.

మొదటిసారి రెండు రోజులు పట్టింది. ఏడు కాగితాలూ వరసగా, ఒక్కటీ దాటెయ్యకుండా రుద్దాను. పాలిష్ గుడ్డ తిప్పి, కిటికీ దగ్గర వెలుతురుకు వాలుగా పట్టి చూశాను. లోపల సిలువ చక్కగా కనబడుతోంది. దాని మీద మాత్రం వెంట్రుకల్లాంటి గీతలు, పదో పన్నెండో, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు పోతున్నాయి. పాలిష్ ఎంత రుద్దినా పోలేదు. లోతైన గీతలు. తీయాలంటే మళ్లీ ఆరు వందల నంబరుకు దిగాల్సిందే. దిగిన ప్రతిసారీ పై పొర కాస్త అరిగిపోతుంది.

దిగాను. రెండోసారీ అంతే.

హార్డ్‌వేర్ కొట్టుకు పోయి నకిలీ కాగితాలు అంటగట్టావని కొట్టాయన మీద ఎగిరాను. ఆయన పాపం రెండు వేల నంబరు కాగితం తీసి తన బుగ్గ మీద రుద్దుకుని చూపించాడు. మనలి లారీలు లేపే దుమ్మని కిటికీలు మూసేశాను. ఫ్యాను ఆపేసి చెమటలు కక్కుతూ మూడోసారి రుద్దాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం" అన్నాడు. ఆయనకా పూట అన్నంలోకి ఊరగాయ తప్ప ఇంకేం పెట్టలేదు.

మూడోసారి కూడా గీతలొచ్చాయి. దిమ్మను పక్కకు తిప్పి చూస్తే ఆకు కొస మీద రెసిన్ మిగిలి ఉందా అంటే ఉంది, కాగితం మందాన. ఇంకొక్కసారి రుద్దడానికి సరిపోతుంది. ఆ ఒక్కసారి కూడా తప్పితే అమ్మ మడిచిన మడత మీద నా ఉప్పు కాగితం పడుతుంది. నాకు భయం వేసింది. దిమ్మను గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టి, ఎందుకో తెలిసేదాకా ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఒక నంబరు దాటేస్తే పడే గీతలన్నీ ఒకే వైపుకు ఉంటాయి. ఇవి అలా లేవు. బయటినుంచి ఏదో గరుకు రేణువు వచ్చి నున్నటి కాగితం కింద ఇరుక్కుంటోంది. ఎక్కణ్ణుంచి వస్తోంది? రెండు రోజులు అదే ధ్యాస. చారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

మూడో రోజు ఉదయం దొరికింది. వెతికితే కాదు, అలవాటు కొద్దీ పని చేసుకుంటుంటే. నేను కాగితాలు ముంచుకునే స్టీలు బేసిను మూడు రోజులుగా అలాగే ఉంది. పైన నీళ్లు తేటపడ్డాయి. ఎప్పట్లాగే ఆ నీళ్లను కరివేపాకు చెట్టుకు వంచాను. అడుగున బూడిద రంగు ముద్ద మిగిలింది. వేళ్ల మధ్య నలిపి చూశాను. మెత్తటి పొడి మధ్యలో నలకల్లా గుచ్చుకుంటోంది. నాలుగు వందల నంబరు కాగితం రాల్చిన ఇసుక.

ఒకే బేసినుడు నీళ్లు. మొదటి కాగితం నుంచి ఆఖరి కాగితం దాకా, మూడుసార్లకూ అవే నీళ్లు. తగ్గితే ఒక చెంబు కలిపేదాన్ని, అంతే. ముతక కాగితం రాల్చిందంతా అడుగున చేరి, నేను మూడు వేల నంబరు కాగితం ముంచినప్పుడల్లా లేచి దానికి అంటుకుంటోంది. అంతకుముందు చేసినవన్నీ చిన్న చిన్న దిమ్మలు, లాకెట్లు, చెంబుడు నీళ్లతో అయిపోయేవి. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. బుద్ధున్నవాళ్లు ఎవరైనా నీళ్లు మారుస్తారు. నాకు ఆ ఆలోచనే రాలేదు, ఎందుకంటే నేను మా అమ్మ కూతుర్ని.

మా ఇంట్లో నీళ్లు పారబోయడమంటే అన్నం పారబోసినట్టే. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో గచ్చు, ఆఖరికి చెట్టు. అమ్మ అలా పెంచింది. ఇప్పటికీ మాకు వీధి కుళాయిలో రోజు మార్చి రోజే నీళ్లు. చిన్నప్పుడైతే అదీ లేదు, ఎండాకాలం లారీ వస్తేనే నీళ్లు.

లారీ అంటే నాకు ఒక ఉదయం గుర్తుకొస్తుంది, రాకూడదని ఎంత అనుకున్నా వస్తుంది. నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పద్నాలుగు. అక్క రెండు బిందెలు పట్టి, ఒకటి నా దగ్గర పెట్టి, చూసుకోమని చెప్పి రెండోది ఇంటికి మోసుకుపోయింది. నేను తొక్కుడు బిళ్ల ఆడుతూ గెంతి బిందెను తన్నాను. నీళ్లన్నీ రోడ్డు పాలు. అమ్మ అడిగితే, అక్క సరిగా పెట్టలేదు, అదే ఒరిగిపోయింది అన్నాను. అక్కకు నాలుగు దెబ్బలు పడ్డాయి. అది ఖాళీ బిందె ఎత్తుకుని మళ్లీ వరసలోకి పోయింది. మా లారీ అయిపోతే పక్క పేట లారీ దాకా నడిచింది. ఆ రోజు దానికి లెక్కల పెద్ద పరీక్ష. తిరిగొచ్చేసరికి పరీక్ష ముగిసిపోయింది. ఆ ఏడు తప్పింది, మళ్లీ బడికి పోలేదు. నేను పన్నెండో తరగతి దాకా చదివాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ మింగేశాను.

బేసిను అడుగున ఇసుక దొరికిన ఆ మధ్యాహ్నమే అక్క ఊడిపడింది. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, దారిలో కనబడితే మూడుసార్లు పాడైన సంగతి మొత్తం చెప్పేశాడు. అక్క చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే చెయ్యి చాపింది.

"ఇయ్యి. మసగ్గా ఉన్నా పర్లే. ఈడితో ఆపు."

దిమ్మ తెచ్చి చూపించాను గానీ చేతికివ్వలేదు. "ఒక్కసారి అక్కా. ఎందుకు గీతలు పడ్తాండాయో ఇప్పుడు తెలిసిపోయింది."

"ఎందుకంట?"

"నీళ్లు మార్చలా నేను. ముతక కాయితం ఇసక అడుగున కూచోని మళ్లా నున్న కాయితానికి అంటుకుంటా ఉండాది. నీళ్లు పైనించి పోస్తానే ఉండాల, పారిపోతానే ఉండాల. ఎత్తుకోని మళ్లా వాడేదానికి లేదు."

"పొయ్యి మరి. ఎవురొద్దన్నారు?"

"ఈ పొద్దు కుళాయి రాలే. ఉండేది వంటకి ఒక బిందె." అంతటితో ఆపొచ్చు, కానీ ఆపలేదు. "ఉన్నా గూడా పారబొయ్యాలంటే నాకు చెయ్యి రాదక్కా."

అక్క నా మొహం వంక చూసింది. నా వేళ్ల వంక చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. దిమ్మ అడగలేదు. ఇక నా గడప ఆమె తొక్కదు, ఆమె గడప నేను తొక్కను, ఇంతేననుకున్నాను.

అరగంటలో వచ్చింది. చంకలో ఒక ప్లాస్టిక్ బిందె, చేతిలో ఇంకోటి, రెండూ నిండుగా. వాళ్లింట్లో రేపటిదాకా ఉన్న నీళ్లు అవే. యాభై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పి, రెండు వీధులు మోసుకొచ్చింది. బిందెలు దించి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, నా వంటింట్లోంచి చెంబు తనే తీసుకుంది.

"నువ్వు రుద్దు. నేను పోస్తా."

పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చున్నాం. గోళ్లు కత్తిరించుకున్నాను. దిమ్మను సబ్బుతో కడిగాను. ఆకు కొస మీద వేలు ఆనకుండా పట్టుకుని, ఎనిమిది వందల నంబరుతో మొదలుపెట్టాను. అంతకంటే ముతక కాగితానికి చోటు లేదు. గీతలు పోవడానికి పట్టే సమయం పట్టనీ అనుకున్నాను. అక్క చెంబులోంచి సన్నటి ధార వదిలింది. తెల్లటి నీళ్లు బండ మీంచి జారి కాలవలోకి పోయాయి. కింద బేసిను పెట్టబోయాను. అక్క కాలితో దాన్ని పక్కకు నెట్టింది.

"అమ్మ చూసుంటే మనిద్దర్నీ కలిపి కొట్టుండు" అన్నాను.

"కొట్టుండు" అంది అక్క. ధార ఆపలేదు.

గంటకు పైగా ఎనిమిది వందల మీదే ఉన్నాను. గీతలన్నీ పోయాయని తేలాక వెయ్యికి వెళ్లాను. కాగితం మార్చినప్పుడల్లా నా చేతులు, మణికట్లు, దిమ్మ, బండ అన్నీ అక్క కడిగింది. మొదటి బిందె అయిపోయింది. నీళ్లు అలా కాలవలోకి పోతుంటే మొదట్లో గుండె పీకింది, పదిహేను వందల దగ్గరికి వచ్చేసరికి అలవాటైంది. తల ఎత్తలేదు. నా బతుకులో ఒక్క పని, ఈ ఒక్కటి, చివరిదాకా చేయాలి అనుకుంటూ రుద్దాను. కరివేపాకు చెట్టు నీడ బండ మీదికి వచ్చింది. రెండు వేలు. అక్క చెయ్యి మార్చుకుని పోసింది.

మూడు వేల నంబరు కాగితం తీసుకున్నాను. రెండో బిందెలో సగానికి తక్కువే ఉంది. అక్క ధార ఇంకా సన్నం చేసింది. దారమంత సన్నం, అయినా తెగకుండా వస్తోంది. ఆ నీళ్ల వంక చూస్తుంటే నాకు ఇంక మింగడం చేతకాలేదు.

"అక్కా, ఆ పొద్దు లారీ కాడ బిందె నువ్వు సరిగా పెట్టకపోవడం కాదు. నేను తన్నినా. తొక్కుడు బిళ్ల ఆడతా తన్నినా."

నా చెయ్యి ఆగిపోయింది. ధార ఆగలేదు.

"తెల్సు" అంది అక్క. "నీ పావడా అంచు తడిసుండె. ఆ పొద్దే తెల్సు. చెయ్యి ఆపబాకు, నీళ్లు పోతాండాయి."

ముప్పై ఎనిమిదేళ్లు తెలిసే ఊరుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు కారుతోంది, తుడుచుకుంటే చేతికి అంటుతుందని అలాగే వదిలేశాను. నీళ్లు అయ్యేదాకా రుద్దాను. అక్క ఆఖరి చెంబుతో దిమ్మను కడిగి, తన చీర మెత్తటి చెంగుతో ఒత్తింది.

పాలిష్ గుడ్డ తిప్పడం మొదలుపెట్టాను. పావుగంటకు మసక విడింది. అక్కే దాన్ని అందుకుని, వెలుతురుకు వాలుగా పట్టి, ఇటూ అటూ తిప్పి, ఒక్కో ముఖం చాలాసేపు చూసింది. గీత లేదు. పై ముఖం దగ్గర కళ్లు చికిలించింది. ఆకు కొస చెక్కు చెదరలేదు. అమ్మ రెండో మడత కొంచెం వంకరగా వేసిందని, బొటనవేలి గోరుతో నొక్కిన గుర్తు ఆ మడత మీద ఉందని అప్పుడే ఇద్దరం చూశాం. ఆకు చేతిలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ కనబడలేదు.

అక్క దిమ్మను జామెట్రీ బాక్సులో దూది మీద పెట్టి మూత వేసింది. పనితనం గురించి మెచ్చుకోలు మాట ఒక్కటైనా అంటుందని చూశాను. అనలేదు. చెప్పులు వేసుకుని, ఖాళీ బిందెలు రెండూ నా వైపు తోసింది.

"రేపు కుళాయి వచ్చే రోజు. నాకు బడి ఉండాది. మా ఇంటి వరసలో నువ్వు నిలబడు."

నిలబడ్డాను.